మైనం పట్టిన మోటారు

ఆ రోజు ఇంట్లో ఉన్నది మా నాయనమ్మ యర్రమ్మ, అమ్మ, చిన్నాన్న వరహాలరావు, నేను. పెరట్లో కరక్కాయలు ఏరే దేముడమ్మ కూడా ఉంది గాని, ఆమె గడప దాటి లోపలికి రాదు కాబట్టి నాయనమ్మ ఆమెను లెక్కలో వెయ్యదు. చిన్నాన్న మాత్రం పందిట్లో నిలబెట్టిన మోటారును కూడా ఇంట్లో మనిషి కిందే లెక్క వేస్తాడు. నాన్న చింతపండు బళ్ళు తోలించుకుని శృంగవరపుకోట వెళ్ళాడు. ఆయన ఊళ్ళో ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఆయన ముందు చిన్నాన్న మోటారు గొప్పలు చెప్పుకోడు.

ఆ మోటారును చిన్నాన్న కిందటి దసరాకి విజయనగరంలో కొన్నాడు. ఎవరో జమీందారు గారి దివాను వాడుకుని వాడుకుని విసుగెత్తి అమ్మేసిన బండి. గుడ్డ టాపు, ముందు రెండు ఇత్తడి దీపాలు, పిసికితే బాతులా అరిచే రబ్బరు బుడగ హారను. ఘాటు రోడ్డు మీద సగం దూరం అది చిన్నాన్నను మోసుకొచ్చింది. మిగతా సగం దాన్ని ఎడ్లు లాక్కొచ్చాయి. ఈ రెండో సగం గురించి చిన్నాన్న ఎవరికీ చెప్పడు. మాకు ఎడ్లవాళ్ళు చెప్పారు.

దాని రంగు ఆకుపచ్చ అని చిన్నాన్న అన్నాడు. మాకు మాత్రం బూడిదగుమ్మడికాయలా కనిపించింది. ఎండకీ వానకీ పైన తెల్లటి పొర కట్టేసింది. వేలితో గీస్తే వేలికి సుద్దలా అంటుకునేది. "లోపల ఆకుపచ్చేనే!" అని చిన్నాన్న అందరితో వాదించేవాడు.

ఇన్నాళ్ళలో ఆ మోటారును నాన్న ఎక్కాడు. కరణం గారు ఎక్కారు. సంతలో కొన్న మేకపోతు ఒకసారి వెనక సీట్లో నిలబడి ఊరంతా చూసుకుంటూ వచ్చింది. నేను ఎక్కలేదు. ఐదో తరగతితో బడి మానిపించాక నేను గుమ్మం దాటి వెళ్ళేది నూతి దాకా, పెరటి కంచె దాకా. కంచె పక్కనుంచే అనంతగిరి రోడ్డు పోతుంది. కొంచెం కిందికి దేముడమ్మ వాళ్ళ ఊరు. ఆ పైన రోడ్డు ఎటు పోతుందో, పక్కన ఏముంటాయో నాకు తెలియదు. ఒక్కసారి ఆ మోటారులో కూర్చుని అటు వెళ్ళాలని నాకు మనసు పీకేది. అడగడం మాత్రం నా వల్ల కాదు. కొత్తవాళ్ళు వస్తే తలుపు చాటుకి పోతాను. ఇంట్లోవాళ్ళు ఏదైనా అడిగితే తలూపుతాను. నా పేరు కనక. చిన్నాన్న మాత్రం నన్ను "మూగీ" అని పిలుస్తాడు.

అలాంటిది ఆ పొద్దున్న చిన్నాన్న తనంతట తనే ఆశ పెట్టాడు.

"ఒలే మూగీ, ఇలగ్రా. అనంతగిరి బంగళాలో ఫారెస్టు రేంజరు గారు మకాం ఉన్నారు. రేపు మనింటికి భోజనానికి వత్తానన్నారు. నానే మోటార్లో ఎల్లి తీసుకొత్తాను. ఈలోగా దీన్ని మెరిపించాల. నువ్వు సాయం సెయ్యి. నా మీసం ఇందులో కనిపించిందా, రేపు నిన్నూ ఎక్కించుకుంటాను. ఒట్టు!"

"ఎవులి మీద ఒట్టురా? నా మీదా, మోటారు మీదా?" అని వసారాలోంచి నాయనమ్మ అడిగింది.

"మోటారు మీదేనే అమ్మా."

"అయితే నమ్మొచ్చు" అంది నాయనమ్మ.

నేను తలూపి పాత పంచెలు చింపడం మొదలుపెట్టాను.

ఈ మెరిపించే విద్యను చిన్నాన్న ఆ దివాను గారి డ్రైవరు దగ్గర నేర్చుకున్నాడట. ముందు కుంకుడు రసంతో కడిగాం. నేను చీపురు అందుకోబోతే చిన్నాన్న గావుకేక పెట్టాడు. ఒక్క ఇసుక రేణువు గుడ్డలో ఉన్నా గీత పడిపోతుందట. కడిగి, తుడిచి, ఆరాక, మెత్తగా జల్లించిన బూడిదను అవిసెనూనెతో తడిపి దాంతో రుద్దాం. గుడ్డ మొదట తెల్లబడింది, తర్వాత పచ్చబడింది. రంగంతా వచ్చేస్తోందని నేను భయపడి చెయ్యి తీసేశాను.

"పోనీయే. అది సచ్చిన రంగు. బతికున్న రంగు కింద ఉంటాది" అన్నాడు చిన్నాన్న.

నిజంగానే ఉంది. ఇంజను పైనుండే ముందు మూత మీద అరచెయ్యంత మేర ముదురు మామిడాకు రంగు బయటపడింది. చిన్నాన్న అక్కడే నిలబడి నడుం మీద చేతులు వేసుకుని, "సూసారా? నాను సెప్పలేదా?" అని ఇంటి కేసి అరిచాడు. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి నవ్వింది. ఆ తర్వాత నాకు ఆకలి కూడా తెలియలేదు. బూడిదరంగు కింద పచ్చదనం ఇంకా ఎంత దూరం ఉందో చూడాలని రుద్దుతూనే ఉన్నాను.

మైనానికి మా ఇంట్లో కొదవ లేదు. కొండవాళ్ళు తేనెతో పాటు తెచ్చిన మైనపు ముద్దలు కొట్లో బుట్టల్లో ఉంటాయి. చిన్నాన్న వాటిలో పసుపుపచ్చగా ఉన్నవి ఏరి, గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరిగే నీళ్ళ తప్పేలాలో పెట్టి కరిగించాడు. టర్పెంటైను నిప్పు దగ్గరకి రాకూడదని, గిన్నెను పెరట్లోకి తెచ్చి అక్కడ కలిపాడు. చల్లారాక అది వెన్నలా గట్టిపడింది. ఆ వాసనకి అమ్మ పెరుగు కుండ మీద రెండో మూత పెట్టింది.

దేముడమ్మ కరక్కాయల చేట పక్కన పెట్టి వచ్చి చూసింది. ఆ మైనం ముద్దల్లో కొన్ని ఆమె తెచ్చినవే.

"ఇదేటి సావుకారి బాబూ, మైనం బండికి రాత్తన్నావు?"

"మెరుపు కోసమే. నీకు తెలీదులే."

"మెరిత్తే బేగి ఎల్తాదా?"

"ఎల్లదు."

"గడ్డి తక్కువ తింటాదా?"

"ఇది గడ్డి తినదే!"

"మరి మెరిత్తే ఏటవుతాది?"

చిన్నాన్న గుడ్డ ఆపి ఆలోచించాడు. "మెరిత్తే... మెరుత్తాది" అన్నాడు. దేముడమ్మ తలూపి, ఇంకా పెద్ద సంగతేదో తెలిసినట్టు నాకేసి చూసి వెళ్ళిపోయింది.

"పల్చగా రాయాల. గుండ్రంగా. పసిగుంట బుగ్గకి రాసినట్టు. ఒలే, అంత దళసరిగా పూసీకు, ఇది అరుగు అలకడం కాదు" అని చిన్నాన్న నా వెనకే తిరిగాడు.

"పెళ్ళాన్ని తెచ్చుకోరా అంటే మోటారుని తెచ్చుకున్నాడు. ఇప్పుడు దానికి నలుగెడతన్నాడు" అంది నాయనమ్మ. అంటూనే ఇత్తడి దీపాలు తన ముందు పెట్టుకుని చింతపండుతో తోముతోంది. ఆ పని ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

రాసిన మైనం ఆరి మబ్బు పట్టినట్టయ్యేదాకా ఆగాలి. అప్పుడు ఇంకో గుడ్డతో తుడవాలి. తుడిచే కొద్దీ మబ్బు విడిపోయి అందులో పందిరి కర్రలు కనిపించాయి, పైన ఆకులు కనిపించాయి, ఆకుల సందుల్లో ఆకాశం కనిపించింది. సాయంత్రానికి చిన్నాన్న మోటారు తలుపు ముందు గొంతుక్కూర్చుని మీసం దువ్వుకున్నాడు. తలుపు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. అందులో ఆయన మూతి ముంతలా, మీసం ఈ కొస నుంచి ఆ కొసకి కట్టిన తోరణంలా కనిపించింది. ఆయనకి అది చాలా నచ్చింది.

నాయనమ్మ పసుపు, కుంకుమ తెచ్చింది. ముందు మూత మీద పసుపు పెడితే జారిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారి మడ్గార్డు మీద పడింది.

"బొట్టు నిలవని బండి! దీన్లో నాను సచ్చినా ఎక్కను."

"నిన్నెవులెక్కమన్నారే?" అని చిన్నాన్న ఆ పసుపును ఉత్తరీయంతో తుడిచేశాడు.

మీసం కనిపించింది కదా అని నేను లోపలికెళ్ళి, రేపటికి నా నీలం పరికిణీ తీసి మడత విప్పి దండెం మీద వేశాను. చిన్నాన్న అది చూశాడు.

"ఇదేటే? నిజంగా వచ్చీద్దామనే?" అని నవ్వాడు. "రేంజరు గారు పెద్ద మనిషి. ఆయన పక్కన ఆడగుంట కూకుంటే ఏటనుకుంటారు? అయినా మనిషిని సూత్తే తలుపు సాటుకి పోతావు గదా. మోటార్లో తలుపు సాటు ఎక్కడుందే మూగీ?"

"మోటారు మీద ఒట్టేశావు గదరా" అంది నాయనమ్మ.

"మోటారేటైనా అందా? అది ఊరుకుంది. నువ్వూ ఊరుకో."

పరికిణీ మళ్ళీ మడతపెట్టాను. నా అరచేతులకి మైనం పట్టి ఉండడంతో మడత పెట్టేటప్పుడు బట్ట చేతుల్లోంచి జారిపోయింది. అది చూసి కూడా చిన్నాన్న నవ్వాడు.

పెరట్లో దేముడమ్మ ఇంటికి వెళ్ళడానికి బుట్ట సర్దుకుంటోంది. మామూలుగా నేను ఆమె పక్కన కూర్చుంటానే గాని మాట్లాడను. ఆ రోజు మాట్లాడాను. కళ్ళు కరక్కాయల మీదే పెట్టి, గొణుగుతూనే, అంతా చెప్పేశాను. మీసం సంగతి, ఒట్టు సంగతి, తలుపు చాటు సంగతి. దేముడమ్మ చివరిదాకా విని, "రేపా?" అంది. "రేపు రోడ్డు మాదే."

అప్పుడు చైత్రమాసం. కొండ ఊళ్ళలో ఇటుకల పండగ. ఆ రోజుల్లో మగవాళ్ళంతా విల్లులు, బల్లేలు పట్టుకుని అడవిలోకి వేటకి పోతారు. ఊళ్ళో ఆడవాళ్ళే ఉంటారు. రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి, వచ్చేపోయేవాళ్ళని ఆపి, పాటలు పాడి పజోరు అడుగుతారు. పండగ మామూలు అన్నమాట. ఇచ్చినవాళ్ళని వదిలేస్తారు. వేటకి వెళ్ళిన మగవాడు జంతువుతో తిరిగొస్తే వాడికి మర్యాదలు చేస్తారు. ఖాళీ చేతులతో వస్తే మాత్రం వాడి మీద పేడనీళ్ళు కుమ్మరించి ఏడిపిస్తారు. మొగుడైనా సరే, అన్నైనా సరే.

"సావుకారి బాబుని ఆపుతాం" అంది దేముడమ్మ.

"ఆయన డబ్బులిచ్చి వెళ్ళిపోతాడు" అన్నాను.

"డబ్బులొద్దంటాం. వేట సూపించమంటాం."

"ఆయన వేటకి వెళ్ళలేదు కదా."

"ఎల్లి ఖాళీగా వచ్చినోడికి ఒక కుండ. ఎల్లనే ఎల్లనోడికి రెండు కుండలు."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. "మరి బండిలో ఆడపిల్ల ఉంటే?" అన్నాను.

దేముడమ్మ నా మొహం లోకి చూసింది. "ఆడకూతురుంటే మరి... పొయ్యకూడదు. తాడు దించీసి దణ్ణవెట్టాల."

"అలాంటి రివాజు ఉందా మీకు?"

"ఈ యేటి నుంచి ఉంటాది" అని ఆమె బుట్ట తలకెత్తుకుంది.

మర్నాడు చిన్నాన్న పట్టంచు పంచె, తెల్ల కోటు వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని, హ్యాండిల్ తిప్పి మోటారు లేపాడు. ఎండ పడి అది ఎలా ఉందంటే, దాన్ని చూడడానికి ఎదురింటి వాళ్ళు పాలు పితకడం ఆపి వచ్చారు. అది కంచె దాటి రోడ్డెక్కగానే నేను పెరటి పనసచెట్టు వెనక చేరాను. నాయనమ్మ కూడా వచ్చి నా పక్కన నిలబడింది. "నువ్వెందుకే ఇక్కడ?" అని నన్ను అడిగింది గాని, తను ఎందుకు వచ్చిందో చెప్పలేదు.

కిందుగా, మాటలు వినపడేంత దూరంలో, రోడ్డుకి అడ్డంగా తాడు. తాడు అవతల పది పన్నెండు మంది ఆడవాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర కుండలు. మధ్యలో దేముడమ్మ, తలలో మోదుగ పువ్వు. మోటారు ఆగింది. చిన్నాన్న నవ్వుతూ జేబులోంచి చిల్లర తీశాడు.

"ఇది సిల్లర" అంది దేముడమ్మ. "వేట ఏదీ?"

"వేటేటి? నాను యాపారిని."

"మా మగోళ్ళంతా అడవిలో ఉంటే, నివ్వు నూని రాసుకుని రోడ్డు మీద తిరుగుతన్నావు. వేట ఏదీ?"

చిన్నాన్న హారను పిసికాడు. బాతు అరిచింది. ఆడవాళ్ళంతా కలిసి అదే కూత కూశారు. ఆయన మళ్ళీ పిసికాడు, వాళ్ళు మళ్ళీ కూశారు. ఎవరో దానికి పాట కూడా కట్టేశారు. పాడుతూ పాడుతూ ఇద్దరు కుండలు పైకెత్తారు. చిన్నాన్న మొహం చూడాలి అప్పుడు. తన కోటు కేసి చూసుకోలేదు. మోటారు మూత కేసి చూసుకున్నాడు.

"ఆగండి, ఆగండి! నిన్ననే మైనం రాసేను!"

"ఆడకూతుర్ని ఎక్కించుకు రా, తోవ ఇత్తాం. ఒక్కడివీ వత్తే కుండే" అంది దేముడమ్మ.

ముందుకి పోవడానికి లేదు. అక్కడ బండి తిప్పుకోవడానికి చోటు లేదు. చిన్నాన్న ఎత్తు మీదికి మోటారును వెనక్కి నడిపించుకుంటూ వచ్చాడు. మెడ వెనక్కి తిప్పి, నాలుక బయటపెట్టి, పాములా మెలికలు తిరుగుతూ. మేము పరుగెత్తి వసారాలో కూర్చున్నాం. నాయనమ్మ చేతిలోకి తమలపాకులు వచ్చేశాయి, నా చేతిలోకి చేట.

"ఏరా, అప్పుడే రేంజరు గారు తినీసి ఎల్లిపోయారా?" అంది నాయనమ్మ.

చిన్నాన్న జరిగింది చెప్పాడు. కొండవాళ్ళ రివాజు ఎంత ఘోరమైనదో చెప్పాడు.

"దానికేటి, గుంటని తీసుకెళ్ళు."

"దాన్నా? ఇయ్యాల ఎక్కిత్తే రేపూ ఎక్కుతానంటాది. రేపు నువ్వూ అంటావు. ఇది మోటారా, ఎడ్లబండా?"

అమ్మను తీసుకెళ్ళడం కుదరదు. అమ్మ పొయ్యి దగ్గర బూరెలు వండుతోంది, పైగా వదినా మరదులు ఒక మోటారులో ఊరేగితే ఊరు ఊరుకోదు. చిన్నాన్న పందిట్లో అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి కొట్లోకి వెళ్ళాడు. కాసేపటికి మూతి కట్టిన చింతపండు బస్తా ఒకటి భుజాన వేసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. దండెం మీది అమ్మ నేతచీర లాగి దానికి చుట్టాడు. పైన ముసుగు వేశాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసి, ముసుగు ఇంకొంచెం కిందికి లాగాడు.

"ఇది కనక" అన్నాడు మాతో. "అదెలాగా మాటాడదు. దీనికీ దానికీ తేడా ఎవులికి తెలుత్తాది?"

నాయనమ్మ నోరు తెరిచింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కాను. ఆవిడ నోరు మూసుకుంది.

మోటారు వెళ్ళగానే మళ్ళీ పనసచెట్టు వెనక చేరాం. ఈసారి అమ్మ కూడా బూరెల చట్టి దించేసి వచ్చింది.

"ఇదిగో, ఆడకూతురు" అన్నాడు చిన్నాన్న తాడు దగ్గర.

"ఓలమ్మా! ఎవులూ?"

"మా కనకే. అన్న కూతురు."

దేముడమ్మ మోటారు చుట్టూ తిరిగింది. తాడు దించేస్తుందేమో అనిపించింది. "అవును, సిన్నమ్మే. పాపం సిగ్గు" అంది. మిగతావాళ్ళకేసి తిరిగి, "దణ్ణవెట్టండే" అంది. అందరూ దణ్ణం పెట్టారు. చిన్నాన్న మీసం దువ్వుకున్నాడు.

"సిన్నమ్మా, బాగున్నావా?" అని ఒకామె అడిగింది.

"బాగుంది, బాగుంది. తాడు దించండి" అన్నాడు చిన్నాన్న.

"నిన్న కన్నా లావయ్యింది గదా" అంది దేముడమ్మ. "సిన్నమ్మా, కాళ్ళేవమ్మా? కాళ్ళు కనిపించవే?"

"కాళ్ళు ముడుసుక్కూకుంది. సలి."

"సైత్రంలోనా!" అని దేముడమ్మ చీర కుచ్చెళ్ళు పక్కకి తీసింది. బస్తా కుట్టు సందులో వేలు పెట్టి, తీసి, ఆ వేలు నాకింది. నాకి, కళ్ళు మూసుకుంది. "మా సిన్నమ్మ పుల్లగుంది!"

నవ్వులు కొండకి తగిలి తిరిగొచ్చాయి. ఆ నవ్వుల్లోనే కుండలు లేచాయి. ఒకటి మోటారు మూత మీద, ఒకటి తలుపు మీద, ఒకటి సూటిగా చిన్నాన్న మీద. ఆ తర్వాత చూసింది మాత్రం నేను ఎప్పటికీ మరిచిపోను. మోటారు మీద పడిన పేడనీళ్ళు ఒక్క చుక్క కూడా నిలవలేదు. చేమాకు మీది నీళ్ళలా గుండ్రటి పూసలై దొర్లి దొర్లి రోడ్డు మీద పడ్డాయి. కింద మామిడాకు రంగు అలాగే మెరుస్తోంది. ఆడవాళ్ళు పాట ఆపి, దగ్గరికొచ్చి, వంగి చూశారు. ఒకామె ఇంకొంచెం పోసి చూసింది. అదీ దొర్లిపోయింది.

చిన్నాన్న మీద పడింది మాత్రం పడ్డచోటే ఉంది. మీసం చివర్నుంచి కారుతోంది.

"మోటారుకి రాసిన మైనం కొంచెం మొహానికి కూడా రాసుకోవలసింది బాబూ" అంది దేముడమ్మ.

ఇంటికొచ్చిన చిన్నాన్నను నాయనమ్మ గుమ్మం ఎక్కనివ్వలేదు. నూతి దగ్గర నేను చేదతో తోడి పోస్తే ఆయన స్నానం చేశాడు. అంత కోపంలో కూడా, "సూసేవా? ఒక్క సుక్క నిలవలేదు! నిన్న నువ్వు రుద్దిందే ఆ తలుపు!" అన్నాడు. నాకు సంతోషమూ వేసింది, నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకుని నీళ్ళు పోశాను.

"మోటారుకేటీ కాలేదు గదా, మళ్ళీ ఎల్లు" అంది నాయనమ్మ.

"ఒచ్చేటప్పుడు రేంజరు గారుంటారే అమ్మా! ఆయన మీద పడితే?"

"ఆయనకీ మైనం రాసి తీసుకురా."

చిన్నాన్న తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఎండ ముదురుతోంది. లోపల బూరెల వాసన. బంగళాలో ఆ పెద్దమనిషి వాచీ చూసుకుంటూ ఉంటాడు.

"సరే, నాను వత్తాన్రా" అని నాయనమ్మ లేచింది. "ఆడకూతురే గదా కావాల? నాను ఆడకూతుర్ని కానా?"

నిన్న బొట్టు నిలవలేదని చచ్చినా ఎక్కనన్న మనిషి, మేము చూస్తుండగానే చుట్ట వెలిగించుకుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ పోయి, ముందు సీట్లో కూర్చుంది. కూర్చుని, "మెత్తగానే ఉంది" అంది. తర్వాత గొంతు సవరించుకుని, నిన్న నేను మూడుసార్లు తుడిచిన తలుపు మీదుగా ఉమ్మడానికి వంగింది.

"అమ్మా!" అని చిన్నాన్న పెట్టిన కేకకి చెట్టు మీది కాకులు లేచిపోయాయి. "దిగు! దిగవే నీకు దణ్ణవెడతాను! తలుపు మీద ఉమ్మీకు!"

"మరెవులు వత్తారు నీతో?"

చిన్నాన్న నాకేసి చూశాడు. చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూశాడు.

"ఒలే మూ... కనకా" అన్నాడు. "నీలం పరికిణీ ఏదీ, అది కట్టుకో. బేగి రా."

నేను కదల్లేదు.

"ఏటే? రావా?"

ఎదురింటి వాళ్ళు చూస్తున్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది. ఇప్పుడు తల ఊపితే వెనక సీట్లో బస్తా కూర్చున్న చోట కూర్చోబెడతాడని నాకు తెలుసు.

"ముందు సీట్లో" అన్నాను.

"ఏటీ?"

"ముందు సీట్లో. టాపు దించాలి."

చిన్నాన్న నోరు తెరిచి నాయనమ్మ కేసి చూశాడు. ఆవిడ చుట్ట నోట్లోనే ఉంచుకుని కళ్ళతో నవ్వింది. ఆయన మోటారు దగ్గరికి వెళ్ళి టాపు పట్టీలు ఒక్కొక్కటే విప్పాడు. నేను పరికిణీ కట్టుకుని వచ్చేసరికి టాపు మడిచి ఉంది. ముందు సీటు తుడిచి ఉంది. నాయనమ్మను ఎలా దింపాడో నేను చూడలేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని, "మెత్తగా ఉంటాది, జారిపోకు" అని నాకు చెప్పింది.

చిన్నాన్న తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"కాళ్ళు కడిగేవా?"

తలూపాను.

"జడ ఎనక్కి ఆనించీకు, నూని మరకవుద్ది."

తలూపాను.

"రేంజరు గారొచ్చేక నోరు తెరవకు."

ఈసారి తల ఊపలేదు. ఎక్కి కూర్చున్నాను. ముందు మూత మీద కొండ, కొండ పైన మబ్బు తలకిందులుగా కనిపిస్తున్నాయి. చిన్నాన్న ఒక నిట్టూర్పు విడిచి, వేలిముద్ర పడకుండా ఉత్తరీయం చెంగు చేతికి చుట్టుకుని, నా పక్క తలుపు నెమ్మదిగా వేశాడు. అది పడలేదు. మళ్ళీ తెరిచి, ఈసారి గట్టిగా వేశాడు.